ఆనవాలు

ఈ సంవత్సరము మన సంఘసభ్యుల పట్టికను క్రొత్తగా వ్రాయవలసి వచ్చినది. నరికుడిలోను, చుట్టుపట్ల పల్లెలలోను, అటు అరుప్పుకోట, విరుదునగరము, కోవిల్పట్టి వరకును చెదరియున్న మన తెలుగు కుటుంబముల పేర్లను ఒకే పుస్తకమునకు ఎక్కించి, ప్రతి పేరునకు ఎదుట ఒక గుర్తు వేయవలెనని పెద్దలు నిశ్చయించిరి. ముప్పదియేండ్లకు పైగా రిజిస్టర్లు వ్రాసిన చేయి గనుక ఆ పని మాకే వచ్చి తగిలినది. ఒకటి, రెండు, మూడు అని వేసికొనిపోయిన సాయంకాలమునకు ముగియునని తలచితిమి. ఆ పని మమ్ము ఇంత చింతలో పడవేయునని అప్పుడు తోచలేదు.

చిక్కు ఏమనగా, పట్టిక వ్రాయువారు ఒక్కరు కారు. నలుగురు నాలుగు ఊళ్ళలో కూర్చుండి వ్రాయుచున్నారు. ఇక్కడ మేము 57 వేసిననాడే కోవిల్పట్టిలో మరియొకరు 57 వేయుదురు. మేము కొలువు చేసిన దినములలో దీనికొక ఉపాయముండెను. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వరుస ముందుగనే పంచి ఇచ్చెడివారు. ఉపాయము మంచిదే గాని, పంచువాడు మరచిపోనంత వరకే మంచిది. 2025 మార్చిలో భారత ఎన్నికల సంఘమువారు వేర్వేరు రాష్ట్రములలోని ఓటర్ల కార్డులపై ఒకే సంఖ్య పడియున్న మాట ఒప్పుకొనిరి. పట్టికలన్నియు ఒక్కచోటికి చేరకమునుపు కొన్ని రాష్ట్రములు ఒకే వరుసను వాడుకొనుట దీనికి కారణమని వారే తెలిపిరి. అంతటి యంత్రాంగమునకు తప్పనిది మన సంఘమునకు తప్పునా?

అప్పుడు మా మేనల్లుడు సెలవులకు వచ్చియుండెను. మదురలో కంప్యూటరు కొలువు. "మామా, సంఖ్యను మనము వేయనక్కరలేదు. మనిషి వివరములలోనుండియే దానిని పుట్టింపవచ్చును. ఎవరు, ఎక్కడ కూర్చుండి చేసినను అదే వచ్చును" అని చెప్పెను. పైథాన్ అను స్క్రిప్టింగ్ భాషలో నాలుగు పంక్తులు వ్రాసి చూపెను. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ లోపలికి పోయినవి. అంకెలును అక్షరములును కలిసిన ఒక పొడుగాటి ముద్ర బయటికి వచ్చినది. దీనిని హ్యాష్ అందురట. ఆంగ్లమున ఆ మాటకు ముక్కలుగా తరిగి కలియబెట్టుట అని అర్థము. 1953లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన హాన్స్ పీటర్ లూన్ అను నతడు, ఒక సంఖ్యలోని అంకెలను కలిపి, వచ్చిన ఫలితమును బట్టి ఆ కాగితము ఏ అరలో ఉండవలెనో నిర్ణయించు పద్ధతిని సంస్థలోని ఒక పత్రమున వ్రాసెను. అరల బీరువాల నడుమ జీవితము గడిపిన మాకు ఆ మనుష్యునిపై తత్‌క్షణమే అభిమానము కలిగినది.

పాఠకులకు సులభముగ చెప్పవలెనన్న ఇది రోటిపచ్చడి వంటిది. అవే సరకులు, అవే పాళ్ళు వేసి నూరినచో ఏ ఇంట నూరినను అదే పచ్చడి. ఒక్క మిరపకాయ ఎక్కువైనచో రుచియే వేరు. నూరిన పచ్చడినుండి మరల మిరపకాయను, చింతపండును వెలికితీయుట ఎవరితరమును గాదు. ఇక వింత ఏమనగా, లోపల వేసినది రెండక్షరముల పేరైనను, పదునెనిమిది పర్వముల భారతమైనను, వచ్చు ముద్ర పొడుగు ఒక్కటే. షా-256 అను పద్ధతిలో అది 64 గుర్తులు.

పనివాడు సమర్థుడైనను మొదటి దినమున మూడు పొరపాట్లు చేసెను. వానిని దాచక చెప్పుచున్నాము. తప్పులలోనే విషయము బాగుగ తెలియును.

మొదట పైథాన్‌లో ముందే అమర్చియున్న 'హ్యాష్' అను పనిముట్టును వాడెను. సాయంకాలమున వ్రాసికొన్న గుర్తులు మరునాటి ఉదయమునకు అన్నియు మారిపోయినవి! ఒక్కరికిని నిన్నటి గుర్తు లేదు. విచారింపగా తెలిసినది ఇది. ఆ పనిముట్టు యంత్రము తనలోతాను అరలు వెదకికొనుటకే గాని, మనుష్యులకు గుర్తు వేయుటకు కాదు. 2011 చివర కొందరు పరిశోధకులు, కావలెనని ఒకే అరలో పడు పేర్లను వేలకొలది పంపినచో యంత్రము ఉక్కిరిబిక్కిరియై నిలిచిపోవునని చూపిరట. అప్పటినుండి జాగ్రత్తపడి, 2012లో వచ్చిన 3.3 కూర్పు మొదలు, పని మొదలుపెట్టిన ప్రతిసారియు రహస్యముగ ఒక క్రొత్త ఉప్పు చిటికెడు కలుపుచున్నారు. ఉప్పు మారినది గనుక పచ్చడి మారినది. ఉప్పు మారని పద్ధతి ఆ భాషలోనే వేరుగ, హ్యాష్‌లిబ్ అను సంపుటమున ఉన్నది.

రెండవది, వివరములను నడుమ గీత లేకుండ అతికించుట. రామ అనునతని తండ్రి సామినాథన్. రామసామి అనునతని తండ్రి నాథన్. అతికించినచో రెండును 'రామసామినాథన్' యే. నడుమ గీత పెట్టవలెనని ఏ గుమాస్తాకైనను తెలియును; అందుకే గదా రిజిస్టరులో గళ్ళు గీయుట.

మూడవది, ముద్ర పొడుగెక్కువైనదని మొదటి నాలుగు గుర్తులే ఉంచుకొనుట. ఒక్కొక్క చోట పదునారు గుర్తులలో ఏదైనను రావచ్చును గనుక నాలుగింటికి 65,536 విధములు. మన సభ్యులు 412. ఇంత చోటుండగా ఇద్దరు ఒకరిపై ఒకరు పడుదురా అని మేమును తలచితిమి. పడిరి. గదిలో 23 మంది ఉన్నచో ఏ ఇద్దరో ఒకే దినమున పుట్టియుండు అవకాశము సగమునకు మించును గదా, ఇదియు ఆ లెక్కయే. 65,536 చోట్లకు సుమారు 300 మంది చేరునప్పటికే సగము అవకాశము వచ్చును. ఎనిమిది గుర్తులకు పెంచినచో చోట్లు 429 కోట్లు దాటును; 412 మందిలో ఇద్దరు తగులుకొను అవకాశము యాభైవేలలో ఒక పాలునకు దిగును. మొత్తము 64 గుర్తులు ఉంచినచో, తగులుకొనుట ఊహకందదు. అయినను పద్ధతులు ముసలివగును. 1992లో వెలువడిన ఎం.డి.5 పద్ధతికి 2004లో వాంగ్ షియావ్‌యున్ అను చైనా విదుషియు ఆమె తోడివారును, వేర్వేరు సరకులనుండి ఒకే పచ్చడి తీసి చూపిరి. 1995 నాటి షా-1 పద్ధతికి 2017లో అదే గతి పట్టినది.

ఇంతవరకు యంత్రము సంగతి. ఇక మన సంగతి.

తెలుగువానికి ఇంటిపేరు ముందు, తన పేరు వెనుక. తమిళదేశమునకు వచ్చి శతాబ్దములైన పిదప మనకు ఆ ఇంటిపేరు పెండ్లిసంబంధముల వేళ తప్ప గుర్తునకు రాదు. ప్రభుత్వ కాగితములలో దాని చోట తండ్రి పేరులోని మొదటి అక్షరము కూర్చున్నది. ఆలోచించి చూచినచో ఆ అక్షరమును ఒక హ్యాష్ వంటిదే. వెంకటసామియు, వీరసామియు, విజయరంగమును ఆంగ్లమున ఒక్క 'వి.' లో కరిగిపోవుదురు. ఇటుపై పెద్ద మనుమనికి తాత పేరు పెట్టు ఆచారము. ఒక తాతకు నలుగురు కొడుకులున్నచో నలుగురు మనుమలకును ఒకే పేరు. ఇక పుట్టిన తేదీ అందుమా, బడిలో చేర్చిననాడు పంతులుగారి కలము ఎటు తిరిగిన అటు. మనము పేర్లు పెట్టుకొను పద్ధతియే తగులాటలకు అనుకూలముగ నిర్మింపబడినదా అనిపించును.

కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి, తెలుగు ఇంటిభాషగా పెరిగి, తమిళమున కథలు వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన రచయిత పూర్తి పేరు రాయంకుల శ్రీకృష్ణ రాజనారాయణ పెరుమాళ్ రామానుజం నాయకర్. లోకమంతయు ఆయనను 'కి.రా.' అనియే ఎరుగును. 2021లో ఆయన పోయినప్పుడు ఆ రెండక్షరములు చాలినవి. ఎవరో అని ఎవరును అడుగలేదు. కాని రెండక్షరములతో గుర్తింపబడుటకు అంతటి జీవితము జీవింపవలెను. తక్కిన మనబోటివారికి నిండు పేరే చాలదు.

యంత్రవేత్తలును ఈ కష్టమును గ్రహించిరి. యు.యు.ఐ.డి. అను 128 బిట్ల గుర్తు ఒకటి కలదు. దాని నియమములు 2005లో అచ్చుపడి 2024లో సవరింపబడినవి. అందులో ఐదవ విధమున, పేరును ఊరకే నూరరు. పేరునకు ముందు అది ఏ వంశములోని పేరో తెలుపు మరియొక గుర్తును చేర్చి, రెంటిని కలిపి నూరుదురు. మేనల్లుడు ఇది వివరించుచుండగా మాకు నవ్వు ఆగలేదు. "అబ్బాయీ, అది ఇంటిపేరే కదరా!" అంటిమి. మనము విడిచిపెట్టినదానిని వారు వెదకి తెచ్చుకొనిరి.

అట్లు ఇంటిపేర్లు కూడ అడిగి వ్రాయింపవలెనని కబురు పంపితిమి గాని, కోవిల్పట్టి పట్టిక అప్పటికే వచ్చియుండెను. రెండు పట్టికలను కలుపగా నరికుడి పట్టికలోని ఒక పేరునకును, కోవిల్పట్టి పట్టికలోని ఒక పేరునకును నాలుగు గుర్తులు కాదు, 64 గుర్తులును ఒక్కటే అయ్యెను. పేరు ఒకటే, ముందున్న అక్షరము ఒకటే, సొంత ఊరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే. "ఒకే మనిషి రెండు చోట్ల వ్రాయించుకొన్నాడు మామా. ఒకటి తీసివేయుదును" అని మేనల్లుడు వ్రేలు మీటపై ఉంచెను. మేము వాని చేయి పట్టుకొంటిమి.

ఎందుకనగా, అటువంటి మీటను మేము ఒకసారి నొక్కియున్నాము. అది 1994 ప్రాంతపు మాట. ఏ కార్యాలయమో చెప్పము. వృద్ధులకు మనియార్డరు ద్వారా పంపు పింఛను పట్టిక మా బల్లపై ఉండెను. ఒకనాడు ఒక మరణవార్త కాగితమై వచ్చినది. పేరు చూచితిమి, ముందక్షరము చూచితిమి, ఊరు చూచితిమి, ఎర్రసిరాతో కొట్టివేసితిమి. అదే పేరు, అదే అక్షరము గల మరియొకడు అదే ఊర నున్నాడని చూడలేదు. రెండు నెలల పిదప ఒక ముదుసలి కర్ర ఊతగా మెట్లెక్కి వచ్చెను. రిజిస్టరు తిరుగవేసి, "నీవు చనిపోయినట్లున్నది" అని చెప్పితిమి. అతడు మమ్ము ఎగాదిగ చూచి, "నేను ఈడనే ఉండాను గదా సామీ" అనెను. బ్రతికియున్నట్లు ధ్రువపత్రము తెమ్మంటిమి. తెచ్చెను. ఆ పత్రములోని పేరు చనిపోయినవానిదే కావచ్చును గదా అని పైవారు వ్రాసిరి. తప్పు మాదని మేము వ్రాసియుండవలసినది, వ్రాయలేదు. ఏడు నెలలు గడిచినవి. చివరకు బాకీ చేరినప్పుడు అతడు వచ్చి మాకు చేతులెత్తి నమస్కరించెను. తిట్టియుండినచో ఇన్నాళ్ళు గుర్తుండెడిది కాదేమో.

ఆ బల్ల దగ్గర జరిగినదేమి? ఎదుట మనిషి నిలిచియున్నాడు. మేము కాగితమును నమ్మితిమి. సీతమ్మకు హనుమంతుడు ఉంగరము తెచ్చిన కథ మనకందరకు తెలియును. అతడు ముందు రాముని రూపగుణములు చెప్పెను, ఆమెతో మాటలాడెను, నమ్మకము పుట్టిన పిదప ఉంగరము చేతిలో పెట్టెను. అక్కడ ఆనవాలు మనుష్యునకు తోడుసాక్షి. కాళిదాసు శకుంతల కథలో వేరు. భార్య ఎదుట నిలిచియుండగా రాజునకు ఉంగరము కావలసి వచ్చెను. అది చేప కడుపులోనుండి బయటపడువరకు ఆమె ఆయనకు ఎవరును కాదు. మేమును ఆనాడు దుష్యంతుని పీటపై కూర్చుంటిమి. ఆయనకు శాపమను సాకైనను ఉండెను. మాకు అదియు లేదు.

మనుష్యునకు అంకె వేయుటయే అవమానమని మన సంఘములో కొందరు పెద్దలు వాదించిరి. ఖైదీలకు వేయుదురు, పశువుల చెవులకు వేయుదురు, మనకేల అనిరి. మేము ఒప్పుకొనము. పేరుప్రతిష్ఠలు గలవానికి అంకె అక్కరలేదు, ఊరే గుర్తించును. పేరు తప్ప ఏమియు లేనివానిని, అదే పేరు గల మరియొకనినుండి వేరుచేసి కాపాడునది అంకెయే. ఆ ముదుసలికి ఆనాడు తనదైన ఒక సంఖ్య ఉండియుండినచో మా ఎర్రసిరా అతనిపై పడెడిది కాదు. అది అతనికి రావలసిన బాకీ.

మాకు భయము అంకెను చూచి కాదు, అంకె తప్పదను ధీమాను చూచి. ముద్రలు తగులుకొనుట కోటానుకోట్లలో ఒకటి అని విన్న గుమాస్తా, తగులుకొన్ననాడు ఏమనును? పద్ధతి తప్పియుండదు, మనిషియే అబద్ధికుడు అనును. అరుదైన తప్పు గనుకనే దానిని నమ్మువాడుండడు. మరియు కోటిలో ఒకటి అనునది పట్టికకు వర్తించు లెక్క. ఆ ఒక్కనికి మాత్రము పోయినది కోటిలో ఒక పాలు కాదు, నెలకూలి మొత్తము. పైగా యంత్రము చేయు తగులాట వేరు, మనము లోపల వేసిన వివరములు చాలక వచ్చు తగులాట వేరు. లోపల వేసినది ఒకటే అయినప్పుడు ఎంత గొప్ప పద్ధతియైనను ఇద్దరను ఒకనిగానే చూపును. అందులో దాని తప్పేమియు లేదు.

ఈ నడుమ మరియొక సంగతి. చదువునకు సంఘమునుండి సహాయము పొందిన పిల్లల పట్టికను ఈ సంచికలో వేయవలెనని, వారి పేర్లు బయటపడకుండ ముద్రలు మాత్రమే అచ్చువేయుదమని ఒక ప్రతిపాదన వచ్చెను. పచ్చడినుండి మిరపకాయ రాదు గదా అని అందరును సంతోషించిరి. మేము ఒక సందేహమడిగితిమి. పచ్చడిని విప్పనక్కరలేదు, మన 412 మంది వివరములు అచ్చుపుస్తకమున ఉన్నవి, ఒక్కొక్కరిది మరల నూరి పోల్చి చూచినచో? మేనల్లుడు తల గోకికొని, రెప్పపాటులో తేలునని ఒప్పుకొనెను. పదంకెల టెలిఫోను సంఖ్యను నూరి దాచినను అంతేనట. ఉన్న సంఖ్యలన్నిటిని వరుసగా నూరి చూడగల యంత్రములు నేడు ఇండ్లలోనే ఉన్నవి. ఆ పట్టిక అచ్చువేయలేదు. ఎవరి బిడ్డకు ఎవరు రుసుము కట్టిరో ఊరందరకు తెలియనేల?

ఆధార్ సంఖ్యను ఏర్పరచినవారు ఈ విషయమున జాగ్రత్తపడిరని చెప్పవలెను. 2009లో ఆ సంస్థ ఏర్పడినది, 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రములోని టెంభ్లీ గ్రామమున మొదటి సంఖ్యలు ఇచ్చిరి. ఆ పన్నెండు అంకెలలో మనిషి ఊరు లేదు, కులము లేదు, వయసు లేదు. చీటీ వేసి తీసినట్టి గుడ్డి సంఖ్య. చివరి అంకె మాత్రము, వ్రాయునప్పుడు చేయి తప్పినచో పట్టి ఇచ్చుటకు. 1969లో వెర్‌హూఫ్ అను డచ్చి గణితవేత్త ప్రకటించిన పద్ధతి అది. ఒకడు రెండుసార్లు వ్రాయించుకొనకుండ వ్రేలిముద్రలు, కనుపాపలు పోల్చుదురు. రాళ్ళు మోసి వ్రేళ్ళు అరిగిన కూలివాని ముద్ర యంత్రమునకు అందనినాడు ఏమగునను ప్రశ్న మాత్రము మా బల్ల దగ్గరి పాత ప్రశ్నయే.

అచ్చుప్రతులు దిద్దుచుండగా మా సొంత పంక్తిలో మా తండ్రిగారి పేరున ఒక దీర్ఘము పోయియుండుట చూచితిమి. దిద్దించితిమి. వెంటనే మా ముద్ర మొదటినుండి చివరివరకు మారిపోయినది. చందా రసీదు మాత్రము పాత ముద్రతో పుచ్చుకొనియుంటిమి. "మామా, మీరు క్రొత్త సభ్యులు. చందా కట్టినవాడు వేరెవడో!" అని మేనల్లుడు నవ్వెను. నవ్వులాటలోనే ధర్మసంకటమున్నది. వివరములనుండి పుట్టిన గుర్తు వివరములు దిద్దినప్పుడెల్ల మారవలెనా? మారినచో నిన్నటివాడు, నేటివాడు ఒకడేనని చెప్పునది ఏది? మారనిచో అది దేనికి గుర్తు?

ఈ ప్రశ్నకు మాకంటె పెద్దవారు ఈ ప్రాంతముననే పుట్టిరి. నరికుడినుండి విరుదునగరము పోవు రైలుదారిలో తిరుచ్చుళి ఉన్నది. 1879 డిసెంబరులో అక్కడ పుట్టిన వేంకటరామన్ అను బాలుడు 1896లో మదురలోని ఇల్లు విడిచి అరుణాచలమునకు పోవుచు ఒక చీటీ వ్రాసిపెట్టెను. 'నేను' అని మొదలుపెట్టి, నడుమ తన్నుతాను 'ఇది' అని చెప్పుకొని, చివర సంతకముండవలసిన చోట ఒక గీత గీచి విడిచెను. 'నేనెవడను' అను ప్రశ్నను లోకమునకు ఇచ్చినవాడు ఆయనయే. పదునొకండేండ్ల పిదప, 1907లో, మన ఆంధ్రుడైన కావ్యకంఠ గణపతి ముని ఆయనకు రమణ మహర్షి అను పేరు పెట్టెను. పాత పేరులోని తునకయే అది. అయినను దానిని ఎవరును లెక్కకట్టి తీయలేదు, ఒకరు ప్రేమతో ఇచ్చిరి, అందరును ఒప్పుకొనిరి. పుట్టిననాడు పెట్టిన పేరును మనిషి మారినప్పుడెల్ల తిరిగి లెక్కకట్టుదుమా?

కావున ఇట్లు తీర్మానించుకొంటిమి. ఒకసారి ఇచ్చిన గుర్తు ఇచ్చినదే. వివరములు ఎన్నిసార్లయినను దిద్దవచ్చును, గుర్తును తిరిగి నూరరాదు. మా గుర్తు నేటికిని ఆ దీర్ఘము పోయిన పేరునుండి పుట్టినదే. తప్పు దిద్దబడినది, గుర్తు నిలిచినది. మేనల్లునికి ఇది శాస్త్రసమ్మతముగ తోచలేదు గాని మామ మాట తీసివేయలేదు.

మిగిలినది ఆ ఇద్దరి సంగతి. మరుసటి ఆదివారము నరికుడిలో బండి ఎక్కి, విరుదునగరమున మారి, కోవిల్పట్టి చేరితిమి. పట్టికలో వ్రాసిన వీధిలో, తలుపు తట్టిన ఇంట, మా వయసువాడే ఒకడు బయటికి వచ్చెను. నరికుడివాని పేరు చెప్పగానే, "వాడు మా పెదనాయన కొడుకే గదా! మా తాత పేరే ఇద్దరికీ పెట్టినారు. ఒకే రోజు బడిలో వేసినారు" అని లోపలికి పిలిచి మజ్జిగ ఇప్పించెను. ఒకరి తండ్రి వెంకటసామి, మరియొకరి తండ్రి వీరసామి. ఇంటిపేరును ఒకటే, అది చేర్చియుండినను తగులాట తప్పెడిది కాదు. తండ్రి పేరు పూర్తిగ వ్రాసియుండినచో తప్పెడిది.

తిరిగివచ్చి రిజిస్టరున తండ్రి పేరు గడిని వెడల్పు చేసితిమి. చివర మరియొక గడి గీచి, పైన 'ఇంటికి పోయి చూచినవారు' అని వ్రాసితిమి. దానిలో ఇప్పటికి రెండు పంక్తులు నిండినవి.